చూడకుండా పెట్టిన సంతకం

ఆ సంతకాన్ని నేను ఇప్పటికీ అచ్చంగా గీయగలను. ముందు ఒక పెద్ద సున్నా, దాని కడుపులోంచి బయటికి వచ్చే పొడుగాటి గీత, చివర రెండు చుక్కలు. కింద లైసెన్సు నంబరున్న రబ్బరు ముద్ర. దాని కోసం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఎన్నిసార్లు బస్సెక్కానో చెప్పలేను. సంతకం మాత్రం ప్రతిసారీ నాతో ఆళ్లగడ్డకు వచ్చింది. పెట్టిన మనిషి ఒక్కసారీ రాలేదు.

నాకు కోపం రాదని మా చర్చి సంఘంలో పేరు. పొద్దున లేస్తే స్తోత్రం, కుళాయిలో నీళ్లొస్తే స్తోత్రం, బస్సులో కూర్చోను చోటు దొరికితే స్తోత్రం. మా నాయన అలా పెంచాడు. మాది గోస్పాడు దగ్గర పల్లె. ఊళ్లో బడి ఉంది కానీ, నా తర్వాత నలుగురు పుట్టారు. వాళ్లను ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి నేనే అయ్యాను. అందుకని సాయంత్రాలు నాయనే పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పలక మీద నాకు అక్షరాలు దిద్దించాడు. ఆయన చదువూ చర్చిలో పాటలు పాడుతూ నేర్చుకున్నదే. "ఏ కాగితం చేతికొచ్చినా అడుగు దాకా సదువు పాపా, సగంలో ఇడిసిపెట్టొద్దు" అనేవాడు. అప్పట్లో మా ఇంటికి కాగితాలే వచ్చేవి కావు. సంతలో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా అడుగు దాకా చదివేదాన్ని.

దేవుడు నాకు పనిమంతుడైన భర్తనిచ్చాడు. శ్రీశైలం డ్యాం పనులు జోరుగా సాగే రోజుల్లో ఆయన అక్కడికి మట్టి మోసే కూలికి పోయాడు. పోయినవాడు కరెంటు పని చేసేవాళ్ల దగ్గర చేరి, మోకాలి లోతు నీళ్లలో కేబుళ్లు లాగి, ఆరేళ్లలో వైర్‌మన్ అయ్యాడు. పెళ్లయ్యాక ఆళ్లగడ్డలో కాపురం పెట్టి ఇళ్లకు, పిండి మరలకు వైరింగు చేసేవాడు. ఆయన చేతి సంచిలో ఎప్పుడూ ఒక బల్బు, దాని హోల్డరుకు రెండు వైర్లు ఉండేవి. ఏ పని చేసినా ఆ బల్బు పెట్టి చూడనిదే సంచి సర్దేవాడు కాదు.

అందరూ స్విచ్చి బోర్డుతో పని మొదలుపెడితే ఆయన గుంతతో మొదలుపెట్టేవాడు. ఎర్తు గుంత. కరెంటు దారి తప్పి మోటారు ఒంటికో ఇనప పెట్టె ఒంటికో ఎక్కితే, మనిషిని పట్టుకోకుండా నేలలోకి దిగిపోవడానికి దారి అది. పచ్చి మట్టి తగిలేదాకా తవ్వి, ఇనప గొట్టం దించి, చుట్టూ బొగ్గులు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పూడ్చాలి. పైన గొట్టం మూతి తెరిచి ఉంచాలి. ఎండాకాలంలో అందులో రోజూ నీళ్లు పోయాలి. నేల తడిగా ఉంటేనే కరెంటు దిగుతుంది.

మా ఇంటి గుంతలో నీళ్లు పోసే పని నాది. పొద్దున ప్రార్థన చేసుకుని, బిందెడు నీళ్లు తీసుకెళ్లి మెల్లగా పోసేదాన్ని. పక్కింటి అవ్వకు ఇది పెద్ద వింత.

"ఏం మ్మే, మీ దేవుడు గుంతలో ఉండాడా ఏంది, పొద్దన్నే అభిషేకం సేస్తాండావ్?"

"దేవుడు కాదవ్వా, కరెంటు. ఎండలకు దప్పికైతాదంట."

"కరెంటుకు దప్పికా! మొగుడు నిన్ను బాగనే ఆడిస్తాండాడు."

ఆయన తప్పు చేయని మనిషని చెప్పను. కొత్తలో ఒక ఇంట్లో వైరు అటుదిటు చేశాడు. స్విచ్చి ఆర్పినా హోల్డరులో కరెంటు ఉండిపోయింది. ఆ ఇంటామె దుమ్ము తుడుస్తూ దెబ్బ తిన్నది. ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం. కానీ ఆ రోజు ఈయన అన్నం ముట్టలేదు. వెళ్లి ఆమెకు దండం పెట్టి, ఇల్లంతా మళ్లీ విప్పి చూసి వచ్చాడు. సంచిలోకి ఆ బల్బు వచ్చింది అప్పటినుంచే.

ఇక రూలు సంగతి. ఇంటికైనా మోటారుకైనా కరెంటు ఆఫీసువాళ్లు కనెక్షన్ ఇవ్వాలంటే, వైరింగు బాగుందని లైసెన్సున్న కాంట్రాక్టరు ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ రూలు పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. కరెంటంటే ప్రాణాలతో చెలగాటం. తెలిసినవాడు చూసి, బాగుందంటేనే ఇవ్వడం న్యాయం. ఆళ్లగడ్డలో లైసెన్సున్నవాళ్లు లేరు. మాకు తెలిసినంతలో దగ్గరున్నది నంద్యాల పెద్దమనిషి ఒక్కడే. మా ఆయన పోతే ఒక రోజు కూలి పోతుంది. అందుకని ఫారాలు పట్టుకుని నేను పోయేదాన్ని.

మొదటిసారి పోయినప్పుడు బస్సులో దారి పొడవునా పాఠం వల్లెవేసుకున్నాను. గుంత ఎంత లోతు, ఏ వైరు, ఎన్ని పాయింట్లు, ఫ్యూజు ఎంతది. అడిగితే తడబడకూడదని మా ఆయన అన్నీ నేర్పి పంపాడు. బస్టాండు నుంచి నడిచి ఆ అంగడికి పోయేసరికి చీర చెంగు చెమటతో తడిసిపోయింది. అద్దం పరిచిన టేబుల్ వెనక ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఫ్యాను.

"యా ఊరమ్మా?"

"ఆళ్లగడ్డ సార్. గుంత ఆరడుగులు..."

"గుంత సంగతి నాకెందుకు? దుడ్లు తెచ్చినావా?"

ఇచ్చాను. ఫారం తిప్పి కూడా చూడలేదు. సున్నా, గీత, రెండు చుక్కలు, ముద్ర. నేను మాత్రం, మా నాయన అలవాటు, బస్సులో ఆ ఫారాన్ని అడుగు దాకా చదివాను. "పై పనిని నేను స్వయంగా చూసి, పరీక్షించి, సరిగా ఉన్నదని ధ్రువీకరిస్తున్నాను" అని ఉంది. అప్పుడు నాకు కోపం రాలేదు. ఆయనకు మా ఆయన పని మీద అంత నమ్మకం కాబోలు అనుకున్నాను! ఆ తర్వాత పోయినప్పుడల్లా శేరు వేరుశనక్కాయలో, కొర్రబియ్యమో మూట కట్టుకుపోయి ఇచ్చేదాన్ని. మా పని జరగనిస్తున్నాడని ప్రార్థనలో ఆయన పేరు కూడా తలుచుకునేదాన్ని. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సంతకానికి మా ఆయన మూడు రోజుల కూలి అంత అయ్యేది. అది ఇంటివాళ్లే ఇచ్చుకోవాలి. ఇచ్చుకోవడానికి వాళ్ల దగ్గర మాత్రం ఎక్కడుంది? ఎక్కడో ఒకచోట తగ్గించాలి. తీగ తగ్గిస్తే ఇంట్లో దీపం రాదు, బోర్డు తగ్గిస్తే కంటికి కనపడుతుంది. గుంత ఒక్కటే ఎవరికీ కనపడనిది.

"గుంత ఇడిసెయ్యప్పా. యాడా సూసేటోడు లేడు గదా. సంతకం ఎట్లైనా వస్తాది" అనేవాళ్లు.

"నేను సూస్తాండా గదన్నా" అనేవాడు ఈయన.

"నువ్వు సూస్తే ఏం, సూడకుంటే ఏం? నీకేమన్నా లైసెన్సుండాదా?"

అలా ఎన్ని పనులు చేజారిపోయాయో. జనాన్ని కాపాడడానికి పెట్టిన సంతకం ఖర్చు, జనాన్ని కాపాడే గుంతను మింగేసింది. ఈ సంగతి ఇంట్లో చదువుకున్న నాకు అర్థమైంది. రూలు రాసినవాళ్లకు అర్థం కాకపోవడానికి వాళ్లు ఏం చదువుకున్నారో నాకు తెలియదు.

దీనికి ఒకే దారి కనపడింది. మా ఆయనకే కరెంటు పని చేసే పర్మిట్ రావాలి. పర్మిటుంటే లైసెన్సు తెచ్చుకోవచ్చు, తన పనికి తానే సంతకం పెట్టుకోవచ్చు. ఈయనకు అక్షరాలు రావు. మా నాయన నాకు చెప్పినట్టే నేను ఈయనకు చెప్పాను. రెండేళ్లు పట్టింది. గోడల్లోంచి వైర్లు లాగే చేతులకు పలక బలపం ఆగేది కాదు, రెండు బలపాలు విరిస్తే ఒక అక్షరం. "ఏం మే, ఈ 'ఱ' నీకు యాడన్నా పనికొచ్చిందా?" అని విసుక్కునేవాడు. చివరికి పేరు రాశాడు, ఫారం చదివాడు. దరఖాస్తు తీసుకుని ఇద్దరం నంద్యాల కరెంటు ఆఫీసుకు పోయాం. గుమాస్తా కాగితాలు తిరగేసి, ఎనిమిదో తరగతి పాసైన సర్టిఫికెట్ ఏదన్నాడు.

"సర్టిఫికెట్ లేదు సార్. పరీక్ష పెట్టండి. పనిలో పెడతారో, కాగితంలో పెడతారో, మీ ఇష్టం" అన్నాడు మా ఆయన.

"సర్టిఫికెట్ ఉంటేనే పరీక్ష. ఉంచిపో, పెద్దసారుకు సూపిస్తా."

ఆ దరఖాస్తు ఆ ఆఫీసులో ఉండిపోయింది. నేను రోజూ దాని కోసం ప్రార్థన చేశాను. ఎటు తిరిగినా అదే ఆశ. దాంతోనే మేము నాలుగేళ్లు బతికాం.

ఇంతలో నంద్యాల పెద్దమనిషి కొత్త పద్ధతి పెట్టాడు. పని తన మనుషులకే ఇస్తే సంతకం ఊరికే. బయటివాడు చేసిన పనికైతే రెట్టింపు. జనం ఏం చేస్తారు? అటే పోయారు. తప్పులేదు.

అలా పోయినవాళ్లలో శిల్పం చెక్కే ఒకాయన ఉన్నాడు. రోడ్డు వార ఆయన షెడ్డు. తాత కాలం నుంచి అక్కడే రాయి కొడుతున్నారు. మాకు మంచి స్నేహం. కళ్లు చెక్కడంలో ఆయన్ను మించినవాళ్లు లేరని చెప్పుకునేవాళ్లు. మమ్మల్ని చూస్తే ఆయనకు వేళాకోళం.

"మీ దేవునికి బొమ్మ లేదు, నాకు గిరాకీ లేదు. మీరందరూ ఇట్లయితే నేనెట్ల బతకాల సెల్లే?"

"నువ్వు బతకాలనే ప్రార్థన చేస్తాండాం లేన్నా" అనేదాన్ని.

ఎనభైలు వచ్చాక రాయి రుద్దే మోటారు తెచ్చుకున్నాడు. నీళ్లు పోస్తూ రాయిని నున్నగా రుద్దే మిషను అది. పనంతా తడిలోనే. కనెక్షన్ కావాలి. మా ఆయన్ను అడుగుదామనే అనుకున్నాడు. కానీ సంతకం రెట్టింపు అనేసరికి నంద్యాల మనుషులకు ఇచ్చాడు. "ఏమనుకోకప్పా" అని ఇంటికొచ్చి చెప్పిపోయాడు కూడా. ఇద్దరు మనుషులు వచ్చి ఒక్క రోజులో పని ముగించుకుని పోయారు. అప్పుడు వానలు పడుతున్నాయి. సంతకం పడింది, కనెక్షన్ వచ్చింది.

కొన్నాళ్లకు మా ఆయన అటుగా పోతూ ఆగాడు. గుంత ఎక్కడ తీశారని అడిగాడు. చూపించారు. షెడ్డు వెనకే, రెండడుగులు. బొగ్గు లేదు, ఉప్పు లేదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. మూడు తరాలుగా రాయి కొట్టిన చోటు అది. ఉలి కింద రాలిన పొట్టు, పెచ్చులు పడీ పడీ నిలువెత్తు లోతుకు పేరుకుపోయాయి. పైకి నేలలాగే ఉంటుంది. తవ్వితే మట్టే ఉండదు. అంతా రాయే. వాన పడ్డప్పుడు తడి ఉంటుంది, కరెంటు దిగుతుంది. ఎండ పడితే ఆ పొట్టు ఎండిపోతుంది, ఇక గొట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లు చూసిన ఎవరికైనా తెలిసే సంగతి ఇది. చూస్తేగా!

మా ఆయన ఒక వైరు కరెంటుకు, ఇంకో వైరు ఎర్తు గొట్టానికి తగిలించి బల్బు పెట్టి చూశాడు. బాగానే వెలిగింది.

"ఇప్పుడు వానకు ఎలుగుతాందన్నా. ఎండలు ముదిరితే ఎలగదు. ఈడ మట్టి లేదు, అంతా పొట్టే. ఇంకా దిగాల."

శిల్పి నవ్వాడు. "లైసెన్సున్నాయన సంతకం పెట్టినాడు గదప్పా. నీకు పని రాలేదని కడుపుమంట, అంతేలే."

వేళాకోళానికే అన్నాడు. కానీ ఈయన ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. "మళ్లా ఒకసారి పోయి గట్టిగా సెప్పొస్తా" అన్నాడు. నేనే ఆపాను. "వద్దులే. పని పోయిందని కుళ్లుకుంటాండాడని ఊరంతా అంటారు. దేవుడే సూసుకుంటాడు" అన్నాను. దేవుడు చూసుకుంటాడని చెప్పి, మనం చూడాల్సింది చూడకుండా ఉండడం కూడా ఒక సంతకమే. ఆ లెక్కన నేనూ ఒకటి పెట్టాను.

చైత్రంలో ఒక మధ్యాహ్నం. ఈయన అన్నం తింటున్నాడు. శిల్పి భార్య కేకలు మా ఇంటిదాకా వినపడ్డాయి. ఎంగిలి చేత్తోనే సంచి లాక్కుని పరుగెత్తాడు, వెనకాలే నేను. శిల్పి మిషను మీదికి వంగి ఉన్నాడు, ఒళ్లంతా వణుకుతోంది, కుడిచెయ్యి మిషనుకు అతుక్కుపోయింది. కింద నీళ్లు. మెయిన్ పెట్టెకు తాళం వేసి ఉంది, తాళం చెవి ఎక్కడో. ఈయన చెక్క పలక మీద నిలబడి, రబ్బరు పిడి కటింగ్ ప్లయరుతో మోటారుకు పోయే వైర్లను ఒకటి తర్వాత ఒకటి తెగ్గోశాడు. శిల్పి రాతి పొట్టులో పడ్డాడు.

ఊపిరుంది. రాళ్లు తీసుకుపోవడానికి వచ్చిన లారీలోనే నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికాడు. స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు. కానీ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కాలి ముడుచుకుపోయాయి. మళ్లీ ఉలి పట్టలేదు. కళ్లు చెక్కే వేళ్లు అవే.

మర్నాడు కరెంటు ఆఫీసువాళ్లు వచ్చి, కనెక్షన్ తీసేసి, సీలు వేసి, తెగిన వైర్లు చూశారు. గుంత చూడలేదు. "వైరు తెగ్గోసిందెవరు?" అని మాత్రం అడిగారు. ఊరంతా ఈయన పేరు గొప్పగా చెప్పింది. వాళ్లు రాసుకుని పోయారు. వారం తిరక్కుండానే నంద్యాల రమ్మని కబురొచ్చింది.

నేను కూడా పోయాను. మనిషిని కాపాడినందుకు నాలుగు మంచి మాటలు చెబుతారనీ, ఆ దరఖాస్తు కూడా కదులుతుందనీ నా లోపల ఒక పిచ్చి ఆశ. ఆఫీసులో అధికారి ఎదురుగా ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఈయనకు కుర్చీ లేదు.

అధికారి రాసి ఉంచిన కాగితం ముందుకు తోశాడు. "ఏం లేదప్పా, ఫైలు మూసేయాల. ఈడ సంతకం పెట్టిపో."

ఈయన పెన్ను తీసుకున్నాడు. నేను కాగితం అందుకున్నాను.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు అధికారి.

"సదివి పెడతాం సార్."

పెద్దమనిషి నవ్వాడు. "ఏం సదువుకున్నావమ్మా నువ్వు? యా ఇస్కూలు?"

"ఇస్కూలు లేదు. మా నాయన సెప్పినాడు."

"అట్లనా! అయితే సదువు, మేమూ ఇంటాం."

గట్టిగానే చదివాను. ఫలానా నేను, పర్మిట్ గానీ లైసెన్సు గానీ లేకుండా, ఫలానా షెడ్డులోని వైరింగును కోసి మార్పులు చేసితిని. ఆ తరువాత సదరు షెడ్డులో ప్రమాదము జరిగినది. అంతే. రెండే వాక్యాలు. అబద్ధం ఒక్క మాటలో ఉంది. 'ఆ తరువాత'.

కాగితం బల్ల మీద పెట్టాను. అంత కోపం అంతకు ముందు నాకు తెలియదు.

"సార్, కోసింది షాకు కొట్టినాక. ఇందులో ముందే కోసినట్టుండాది."

"ఏదైతే ఏందమ్మా? కోసినాడా లేదా?" అన్నాడు అధికారి.

"కోయకుంటే ఆయన సచ్చిపోయేటోడు. కాగితం పెట్టుకుని కూచుంటే బతుకుతాడా?" నా గొంతు పెరిగింది. "ఆ గుంత తవ్వి సూడండి సార్. బల్బు తెచ్చినాం, ఈ సంచిలోనే ఉండాది. రండి, ఇప్పుడే పోదాం. ఈ పెద్దమనిషి స్వయంగా సూసి, పరీక్షించి పెట్టిన సంతకం గదా. ఏం సూసినాడో ఆడికొచ్చి సూపించమనండి."

పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆడకూతురివని ఊరుకుంటాండా. నా సంతకం లేకుంటే నీ మొగునికి కూడెట్ల పుడతాదో ఆలోచన సేసుకో."

అధికారి అతని వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. సొరుగు తెరిచి ఒక కాగితం తీశాడు. నా చేతిరాతే. కింద ఈయన వంకర అక్షరాల సంతకం. నాలుగేళ్ల నాటి దరఖాస్తు.

"ఇది కూడా నా దగ్గర్నే ఉండాది" అని మా ఆయనతో నిదానంగా అన్నాడు. "అది పెడితే ఇది సూస్తా. జరిమానా కూడా తక్కువే ఏస్తా. పెట్టకుంటే ఇది ఈడ్నే ఉంటాది. నీ ఇష్టమప్పా."

ఈయన ఆ దరఖాస్తు వైపు చూశాడు. రెండేళ్లు బలపాలు విరిచి నేర్చుకున్న పేరు దాని మీద ఉంది. తర్వాత నా వైపు తిరిగాడు.

"మే, పెట్టమంటావా?"

ఏం చెప్పాలి? పర్మిట్ వస్తే ఈ మనుషుల గడప తొక్కే పనుండదు. దాని కోసం రోజూ మోకాళ్లూనింది నేనే. అది నా కళ్ల ముందే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

"వద్దు" అన్నాను.

ఈయన పెన్ను మూత పెట్టి, బల్ల మీద సరిగ్గా మధ్యలో పెట్టాడు. పనిముట్టును ఆయన ఎప్పుడూ విసరడు. దరఖాస్తు సొరుగులోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత మేము దాన్ని చూడలేదు.

బస్సులో నేను ఏడ్చాను. ఈయన కిటికీలోంచి చూస్తూ, "ఆ 'ఱ' నిజంగానే యాడా పనికిరాలేదు మే" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ ఆగలేదు.

కేసు పెడతారని కొన్నాళ్లు బిక్కుబిక్కుమంటూ గడిపాం. సంతకం లేని కాగితంతో ఏం చేయలేకపోయారో, గుంత తవ్వాల్సి వస్తుందని భయపడ్డారో, పెట్టలేదు. శిల్పి ఆసుపత్రి నుంచి వచ్చాడు. చేతికి కట్టుతో మా గుమ్మం ముందు నిలబడి లోపలికి రానన్నాడు.

"వైరు ఎప్పుడు కోసిందని నన్నూ అడిగినారప్పా ఆఫీసోళ్లు. నాకు తెలీదని సెప్పినా. ఆసుపత్రి ఖర్చు ఆ నంద్యాలాయనే పెట్టుకున్నాడు. కనెక్షన్ మళ్లా ఆళ్లే ఇయ్యాల గదా."

నాకు ఆయన మీద కూడా మండింది. నోరు తెరవబోయాను. ఈయన చెయ్యెత్తి ఆపాడు.

"పలుగుండాదా అన్నా మీ ఇంట్లో? మాది మొద్దుబారింది" అన్నాడు.

నాలుగు రోజులు తవ్వాడు. కూలి అడగలేదు, శిల్పి ఇస్తానన్నా తీసుకోలేదు. నేను తట్టలు ఎత్తాను. పొట్టు, పొట్టు కింద పెచ్చులు, పెచ్చుల కింద ఎప్పుడో విరిగి పారేసిన ఒక చెయ్యి, ఒక పీఠం ముక్క. మనిషి తల కనపడనంత లోతుకు పోయాక గాని నల్లరేగడి తగల్లేదు. దాన్ని గుప్పెడు తీసి పైకి విసిరాడు. చల్లగా ఉంది. గొట్టం దించి, బొగ్గు, ఉప్పు పోసి, నీళ్లు పోశాం. మా ఇంటినుంచి వైరు లాగి బల్బు పెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కళ్లు మూసుకునేంత తెల్లగా వెలిగింది. హోల్డరు పట్టుకున్నది శిల్పి, ఎడంచేత్తో. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు.

అయినా కనెక్షన్ రావాలిగా. మిషను నడవాలి, ఇక మీదట కూలికి మనిషిని పెట్టయినా. తీసేసిన కనెక్షన్ మళ్లీ ఇవ్వాలంటే కొత్త ఫారం కావాలి. దాని మీద లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకం కావాలి.

శిల్పి పోలేడు. ఈయన పోతే కొట్లాట అవుతుంది. నేనే పోయాను.

అదే బస్సు, అదే నడక, అదే అద్దం టేబుల్. నన్ను చూసి పెద్దమనిషి వెనక్కి వాలాడు.

"వస్తావని తెలుసులే. యాడికి పోతారు?"

ఫారం పెట్టాను, రెట్టింపు రుసుము పెట్టాను. ఆ డబ్బు శిల్పిది.

"ఈసారి గుంత ఎవరు తవ్వినారు?"

"మా ఆయన."

"బాగుండాదా?"

"మీరు స్వయంగా సూసి, పరీక్షించినట్టు రాసుండాది సార్. మీకే తెలియాల."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. మనిషిలో అది ఎక్కడో ఒకచోట ఉంటుందని అప్పటికీ నా నమ్మకం. పెన్ను తీశాడు. సున్నా, గీత, రెండు చుక్కలు. ముద్ర కొట్టి, నా చేతి వైపు చూశాడు. వేరుశనక్కాయల మూట కోసం.

"ఏమ్మా, ఈ తూరి ఏం తేలేదా?"

"లేదు" అన్నాను.

అన్నం పెట్టినవాళ్లకీ, దారి చెప్పినవాళ్లకీ, చిల్లర తిరిగిచ్చిన కండక్టరుకీ కృతజ్ఞత చెప్పకుండా నేను ఎన్నడూ వచ్చింది లేదు. ఆ రోజు ఫారం మడిచి, జాకెట్లో పెట్టుకుని, ఒక్క మాట లేకుండా మెట్లు దిగాను. ఆ సాయంత్రం ప్రార్థనలో రోజూ తలుచుకునే పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఆ పేరు దగ్గరికి వచ్చి నాలుక ఆగిపోయింది. శత్రువు కోసం కూడా ప్రార్థించాలని మా నాయన నేర్పాడు. తెలుసు. చాలా ఏళ్లు ప్రయత్నించాను. శిల్పి ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం చూసిన రోజుల్లో అసలే రాలేదు.

ఆ ఎండాకాలమంతా పొద్దున రెండు బిందెలు మోశాను. ఒకటి మా గుంతకు, ఒకటి శిల్పి షెడ్డు వెనక గుంతకు.